రోడ్డు పక్క మొక్కలు: సైకిల్ వేగంతో సాగవలసిన పరిశీలన

కలుపు మొక్కలపై సస్యశాస్త్రంలో జరిగిన పరిశోధన చాలా వరకు పొలం గట్టు వద్ద ఆగిపోయింది. చదరపు మీటరుకు ఎన్ని కలుపు మొక్కలున్నాయి, విత్తిన ఎన్ని రోజుల వరకు పైరును కలుపు పోటీ నుంచి కాపాడాలి, ఏ మందును ఏ మోతాదులో ఎప్పుడు పిచికారీ చేయాలి అన్న ప్రశ్నలకు విశ్వవిద్యాలయాల వద్ద సమాధానాలు సమృద్ధిగా ఉన్నాయి. గట్టు దాటి తారురోడ్డు అంచు వరకు ఉండే నాలుగైదు మీటర్ల నేల విషయంలో అటువంటి సమాచారం లేదు. రికార్డుల్లో ఆ నేల ఒకచోట రోడ్లు భవనాల శాఖది, మరొకచోట పంచాయతీరాజ్ శాఖది. ఆచరణలో అది మేకలది, గొర్రెలది, ఎక్కడి నుంచో లారీల్లో వచ్చి పడిన మట్టిది. పరిశోధన పథకాల్లో దానికి స్థానం లేదు, విస్తరణ కార్యక్రమాల్లో పేరు లేదు. అయినప్పటికీ కొత్తగా వచ్చే ప్రతి ఆక్రమణ మొక్కా పొలంలోకి అడుగుపెట్టే ముందు కొంతకాలం నిలిచేది అక్కడే. ఆ నేలను ఏటా క్రమపద్ధతిలో పరిశీలించే ఏర్పాటు అవసరం. దానికి తగిన వాహనం సైకిల్, తగిన పరిశీలకుడు వ్యవసాయ కళాశాల విద్యార్థి. ఈ ప్రతిపాదన చిన్నదిగా కనిపించవచ్చు. దాని వెనుక ఉన్న అనుభవం మాత్రం చిన్నది కాదు.

2000 సంవత్సరం ఖరీఫ్‌లో అనంతపురం జిల్లా వేరుశనగ రైతులు ఒక కొత్త తెగులును చూశారు. లేత ఆకులపై మాడిన మచ్చలు ఏర్పడి, మొవ్వు ఎండి, కాండం నల్లబడి మొక్క మొత్తం చనిపోయింది. ఆ ఒక్క సీజన్‌లో సుమారు 2.25 లక్షల హెక్టార్ల పైరు దెబ్బతిన్నది, నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. లక్షణాలను బట్టి తొలుత దానిని అప్పటికే పరిచయమున్న మొవ్వుకుళ్లు వైరస్‌గా భావించారు. పరిశీలన లోతుకు వెళ్లిన తరువాత అది పొగాకు స్ట్రీక్ వైరస్ అని తేలింది. 1997లో కర్ణాటకలోని బాగేపల్లి ప్రాంతంలో పొద్దుతిరుగుడుపై కనిపించిన నెక్రోసిస్ తెగులుకు కారణమైనదీ ఇదే వైరస్. నేడు దీనిని వేరుశనగలో కాండం కుళ్లు వైరస్ తెగులుగా వ్యవహరిస్తున్నారు.

ఈ వైరస్ వ్యాపించే తీరు విస్తరణ శాస్త్రవేత్తలు ప్రత్యేకంగా గమనించవలసిన అంశం. వైరస్ పుప్పొడిలో ఉంటుంది. పూలలో తిరిగే తామర పురుగుల ఒంటికి ఆ పుప్పొడి అంటుకుంటుంది. ఆ పురుగులు వేరుశనగ ఆకుపై చేరి గీకి తినేటప్పుడు ఏర్పడే గాయాల గుండా, పుప్పొడిలోని వైరస్ మొక్కలోకి ప్రవేశిస్తుంది. పుప్పొడిని సమకూర్చిన మొక్కల్లో ప్రధానమైనది వయ్యారిభామ, అంటే పార్థీనియం హిస్టిరోఫోరస్. వైరస్ సోకినా ఆ మొక్కపై లక్షణాలేమీ కనిపించవు. చూపరికి అది నిండు ఆరోగ్యంతో, గుత్తుల కొద్దీ తెల్లని పూలతో కళకళలాడుతూ ఉంటుంది. తుత్తురబెండ, గడ్డిచామంతి వంటి మరికొన్ని మొక్కలకూ ఈ వైరస్ సోకుతుంది. అయితే వర్షం పడిన ప్రతిసారీ మొలిచి, నెలల తరబడి పూస్తూ, రోడ్డు పొడవునా ఒకే జాతిగా పరచుకొనే లక్షణం వయ్యారిభామకే ఉంది. పుప్పొడి నిల్వ అంతటి స్థాయిలో పైరు పక్కనే ఉన్నప్పుడు తామర పురుగులు దూరం వెళ్లనవసరం లేదు.

మరొక విశేషం కూడా ఉంది. వేరుశనగ పువ్వు మూసుకొని ఉండి స్వపరాగ సంపర్కం జరుపుకొంటుంది కాబట్టి దాని పుప్పొడి బయటకు రాదు. అందువల్ల తెగులు సోకిన వేరుశనగ మొక్క పక్క మొక్కకు ప్రమాదకారి కాదు. జబ్బు మొక్కలను పీకి కాల్చివేయమన్న సంప్రదాయ సలహా ఇక్కడ పనికిరాదు. రైతు తన పొలంలో ఎంత శ్రద్ధ చూపినా తెగులు మూలం గట్టు అవతలే ఉంది. విత్తనశుద్ధి, పొలం చుట్టూ జొన్న లేదా సజ్జ వరుసలు, పూతకు ముందే పరిసరాల్లోని వయ్యారిభామ నిర్మూలన అన్న సిఫారసులు ఆ అవగాహన నుంచే వచ్చాయి. వీటిలో మొదటి రెండూ రైతు చేతిలో ఉన్నవి. మూడవది ఎవరి చేతిలో ఉన్నదో ఇప్పటికీ స్పష్టత లేదు.

రోడ్డు పక్కన ఏమి పెరుగుతున్నదో ఎవరికీ తెలియకపోవడానికి ఒక కారణం వేగం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే జీపు సెకనుకు సుమారు 17 మీటర్లు దాటిపోతుంది. ఆ వేగంలో కంటికి కనిపించేది పచ్చదనం మాత్రమే. మోటారు సైకిల్‌పై దృష్టి గుంతల మీదే ఉంటుంది. గంటకు 12 కిలోమీటర్ల వేగంతో సాగే సైకిల్ సెకనుకు మూడు మీటర్లకు కాస్త ఎక్కువ దూరం పోతుంది. ఆ వేగంలో నేలకు అతుక్కుని జానెడు వెడల్పున పరచుకొన్న వయ్యారిభామ లేత మొక్క కంటబడుతుంది, గోరంత విష్ణుకాంత పువ్వు కూడా కంటబడుతుంది. నడక ఇంకా మేలైనదే. అయితే నడిచే విద్యార్థి ఒక ఉదయంలో పూర్తి చేయగల దూరం ఒక గ్రామ పొలిమేరను దాటదు, ఆక్రమణ మొక్కల కదలిక తెలియాలంటే నాలుగైదు గ్రామాలను కలిపే దారి అవసరం. కాలు ఆనించి ఎక్కడైనా ఆగగలగడం, రోడ్డుకు ఇరువైపులా మారగలగడం, శబ్దం లేకపోవడం వల్ల పొలంలోని రైతుతో మాట కలపగలగడం సైకిల్‌కు ఉన్న అదనపు సౌలభ్యాలు.

ఈ వాహనం వ్యవసాయ విస్తరణకు కొత్తదేమీ కాదు. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలైన నాటి నుంచి గ్రామసేవకులు ఊళ్లు తిరిగింది చాలా వరకు సైకిళ్లపైనే. వారి దినచర్య పుస్తకాల్లో పైర్లతో పాటు బాటల స్థితి, చెరువుల మట్టం, పశువుల మేత వంటివి కూడా చేరేవంటే, ఆ విషయాలు దారిలో వారి కళ్లబడినందువల్లనే. తరువాతి దశాబ్దాల్లో మోటారు వాహనం, ఆపైన మొబైల్ ఫోను వచ్చి సమాచారం చేరే వేగాన్ని పెంచాయి. అడగని విషయం కంటబడే అవకాశాన్ని అవి అంతే మేరకు తగ్గించాయి. వాట్సాప్ సమూహంలోకి రైతు పంపే ఫొటోలో ఉండేది తన పైరు ఆకే. రోడ్డు పక్క మొక్కకు ఫొటో తీసి పంపే రైతు లేడు.

తొలకరి తరువాత మూడు నాలుగు వారాలకు, రాయలసీమలోనో దక్షిణ తెలంగాణలోనో ఎర్రనేలల మధ్య సాగే ఏ గ్రామీణ రోడ్డుపైనైనా ఉదయం ఆరు గంటలకు బయలుదేరిన విద్యార్థికి ఎదురయ్యే దృశ్యం ఇంచుమించు ఒకే విధంగా ఉంటుంది. తారు అంచును ఆనుకొని గరిక, పల్లేరు. పల్లేరు పసుపు పూలు ఉదయపు ఎండకు విచ్చుకొని నేలపై చల్లినట్లుంటాయి. దాని కాయను మాత్రం విద్యార్థి చూసి గుర్తించడు, చక్రంలో గాలి పోయినప్పుడు గుర్తిస్తాడు, ఆపై మరచిపోడు. కాస్త లోపలికి వెంపలి, కొండపిండి, ఉత్తరేణి. వాన నీరు నిలిచి ఇంకిన పల్లంలో గుంటగలగర, నీలి రేకుల వెన్నదేవి కూర. గులకరాతి నేలలో విష్ణుకాంత. ఈ చివరి రెండింటి పూలు ఉదయం విచ్చుకొని మధ్యాహ్నానికి ముడుచుకొంటాయి కాబట్టి పది గంటలు దాటాక బయలుదేరిన వారికి అవి ఉన్నట్లే తెలియదు. తుమ్మి మొక్కల చుట్టూ చిన్న తేనెటీగలు, జిల్లేడు గుత్తులపై నల్లని వడ్రంగి తుమ్మెదలు తిరుగుతుంటాయి. సెప్టెంబరు నాటికి తంగేడు పసుపు, గునుగు తెలుపు-గులాబీ రంగులు గట్ల వెంట తేలుతాయి.

అదే దారిలో కల్వర్టు వచ్చేసరికి దృశ్యం మారుతుంది. కల్వర్టు మరమ్మతుకో, తాగునీటి గొట్టాలకో తవ్విన చోట, కొత్తగా మొరం పోసిన అంచుల్లో, ఊరి చివర చెత్త కుప్పల వద్ద పై జాబితాలోని మొక్కలు కనిపించవు. ఒక్క వయ్యారిభామే ఉంటుంది. మురుగు కాలువ ఒడ్డున లేత ఊదా రంగు గరాటు పూలతో లొట్టపీచు, అంటే ఐపోమియా కార్నియా, గుబురుగా నిలిచి ఉంటుంది. కోస్తా జిల్లాల పంట కాలువల్లో తూటికాడగా, గుర్రపుడెక్కకు తోడుగా నీటి పారుదలకు అడ్డుపడేది ఇదే. కొండ పాదానికి దగ్గరగా లాంటానా, సీమతులసి మొదలవుతాయి. బీడు నేలలన్నింటా సర్కారు తుమ్మ. గమనించవలసింది ఏమిటంటే ఈ మొక్కల్లో చాలా వరకు పూలు అందమైనవి. లాంటానాను తోటల అలంకరణకే ఈ దేశానికి తెచ్చారు. గుర్రపుడెక్క పువ్వును చూసి ముచ్చటపడని వారు అరుదు. అడవిపూల మీద ప్రేమ ఒక్కటే పరిశీలకుడికి సరిపోదనడానికి ఇది నిదర్శనం.

ఇక్కడ పదాల విషయంలో ఒక స్పష్టత అవసరం. తరగతి గదిలో పైరు కాని ప్రతి మొక్కా కలుపే. నిర్వచనం ప్రకారం అది తప్పు కాదు. గునుగు మెట్ట పైర్లలో కలుపు మొక్కగా పాఠ్యపుస్తకాలకు ఎక్కింది, అదే గునుగు బతుకమ్మలో ప్రధానమైన పువ్వు. తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. ఒకే మొక్క మడి లోపల పీకవలసినదిగా, గట్టు మీద ఉంచవలసినదిగా ఉండగలదు. ఇక పరదేశం నుంచి వచ్చినంత మాత్రాన మొక్క శత్రువు కాదు. వేరుశనగ, మిరప అమెరికా ఖండాల నుంచి వచ్చినవే, చింత ఆఫ్రికాది. గాయాలకు ఆకు రసం పిండే గడ్డిచామంతి కూడా అమెరికా నుంచి వచ్చినదే, అది ఇక్కడి మొక్కల మధ్య సర్దుకుపోయింది. పరాయి నేల నుంచి వచ్చి, సహజ శత్రువులు లేని చోట అదుపు తప్పి, ఇతర మొక్కలను తొలగించి ఏకజాతి వనంగా మారే వాటికే ఆక్రమణ మొక్కలన్న పేరు తగును. స్థానిక మొక్క, కలుపు మొక్క, పరదేశి మొక్క, ఆక్రమణ మొక్క అన్న ఈ నాలుగు భావనలను విడివిడిగా వాడే అలవాటు సస్యశాస్త్రంలో ఇంకా స్థిరపడలేదు. సలహా ఇచ్చే వ్యక్తి వాటిని కలిపివేస్తే పార చేతబట్టిన కూలీ కూడా కలిపే నరుకుతాడు.

పేర్ల విషయం మరొకటి. విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో పనిచేసిన కాలంలో, అంటే 18వ శతాబ్ది చివరి దశాబ్దాల్లో, కోరమాండల్ తీరపు మొక్కలకు వివరణలు రాస్తూ వాటి తెలుగు పేర్లను కూడా నమోదు చేశాడు. ఆ పేర్లు ఆయనకు చెప్పినవారు స్థానికులు. నేటి వ్యవసాయ విద్యార్థి కలుపు యాజమాన్యం పాఠ్యాంశానికి హెర్బేరియం సమర్పించేటప్పుడు లాటిన్ పేరును తప్పులేకుండా రాస్తాడు. అదే మొక్క పేరును పక్క పొలంలోని రైతు నోట విన్నప్పుడు పోల్చుకోలేడు. వినాయక చవితి పత్రిలో మాచిపత్రి, ఉత్తరేణి, ఉమ్మెత్త, విష్ణుకాంత, గరిక ఉన్నాయి. ఏటా వాటిని ఏరి తెచ్చిన పిల్లలకు గుర్తింపు అలవోకగా వచ్చేది, పత్రి అంగడిలో కట్టలుగా దొరకడం మొదలైన తరువాత ఆ పాఠం ఆగిపోయింది. పేర్లలో చరిత్ర కూడా ఉంది. ప్రోసోపిస్ జూలిఫ్లోరాను తెలంగాణలో సర్కారు తుమ్మ అంటారు, కొన్ని చోట్ల ఇంగ్లీషు తుమ్మ, మరికొన్ని చోట్ల చిల్లకంప. 1877లో జమైకా నుంచి తెప్పించిన విత్తనాలతో కడప జిల్లా కమలాపురంలో అటవీ శాఖ వేసిన తోట ఈ మొక్క ఇక్కడికి వచ్చిన తొలి మార్గాల్లో ఒకటి. వంటచెరకు కొరత తీర్చడానికి ప్రభుత్వం తెచ్చినదని ప్రజలు పేరులోనే రాసి పెట్టుకొన్నారు. వయ్యారిభామకూ కాంగ్రెస్ గడ్డి అని, పిచ్చి మాచిపత్రి అని మారుపేర్లున్నాయి. ఈ చివరి పేరు ఆకుల పోలికను చెబుతుంది. లేత దశలో గుర్తింపుకు అంతకంటే మంచి ఆనవాలు లేదు.

రోడ్డు పక్క నేల ఇప్పుడు పొందుతున్న చికిత్స చాలా చోట్ల పరిస్థితిని విషమింపజేస్తున్నది. ప్రముఖుల రాకకు ముందో, పండుగకు ముందో, పనిదినాలు చూపడానికో యంత్రంతో అంచులను గీకివేస్తారు, లేదా అన్ని మొక్కలనూ చంపే మందును పిచికారీ చేస్తారు. గరిక పోతుంది, వెంపలి పోతుంది, తంగేడు మొదలుతో సహా పోతుంది. మిగిలేది గుల్లబారిన బోడి నేల. వయ్యారిభామకు కావలసింది అదే. ఒక్క మొక్క 15,000 నుంచి 25,000 వరకు విత్తనాలు రాల్చగలదు, మొలకెత్తిన నాలుగు నుంచి ఆరు వారాల్లోనే పూతకు రాగలదు. మట్టిలో నిల్వ ఉన్న ఆ విత్తనాలు తరువాతి వానకు పోటీ లేకుండా మొలుస్తాయి. ఏటేటా శుభ్రం చేసే రోడ్డులోనే వయ్యారిభామ ఎక్కువగా ఉండడానికి ఇదే కారణం. గడ్డి, తీగ, పొదలతో కప్పి ఉన్న అంచులో అది అంత సులభంగా చొరబడదు. కాబట్టి రోడ్డు పక్క అడవిపూలను కాపాడడం సౌందర్యాభిరుచికి మాత్రమే సంబంధించిన విషయమని భావించరాదు. అవి ఆక్రమిత స్థలాన్ని ఖాళీ చేయనివ్వని కాపలాదారులు. వాటిపై ఆధారపడిన తేనెటీగలే పక్క పొలంలోని పొద్దుతిరుగుడుకు, తీగజాతి కూరగాయలకు పరాగ సంపర్కం చేస్తాయి.

ఏటా ఆగస్టు 16 నుంచి 22 వరకు దేశమంతటా వయ్యారిభామ అవగాహన వారోత్సవం జరుగుతుంది. జబల్‌పూర్‌లోని కలుపు పరిశోధన సంచాలనాలయం చొరవతో సాగే ఈ కార్యక్రమం వల్ల మొక్క పేరు జనంలోకి వెళ్లిన మాట వాస్తవం. అయితే జూన్‌లో తొలకరి పడే ప్రాంతాల్లో ఆగస్టు మూడవ వారానికి మొదటి విడత మొక్కలు పూసి, కాసి, విత్తనం రాల్చి ఉంటాయి. ఆ దశలో చేతితో పీకి, బ్యానరు ముందు కుప్ప వేసి, ట్రాక్టరులో తరలిస్తే విత్తనాలను కొత్త చోట్లకు చేరవేసినట్లవుతుంది. తొడుగులు లేకుండా పీకిన విద్యార్థులకు చర్మంపై దద్దుర్లు, తుమ్ములు అదనం. వారోత్సవాన్ని తప్పుపట్టవలసిన పని లేదు. ప్రాంతీయ వర్షపాతాన్ని బట్టి పని తేదీని ముందుకు జరుపుకొనే స్వేచ్ఛను కళాశాలలు ఉపయోగించుకోవాలి, ఆ తేదీని నిర్ణయించడానికి క్షేత్ర సమాచారం కావాలి. ప్రస్తుతం అది లేదు.

జీవ నియంత్రణలోనూ ఇదే లోటు కనిపిస్తుంది. మెక్సికో నుంచి తెచ్చి 1984లో బెంగళూరు వద్ద విడుదల చేసిన జైగోగ్రామా బైకలరేటా పెంకు పురుగు స్థిరపడి, వర్షాకాలంలో వయ్యారిభామ ఆకులను తిని మొక్కలను మోడులుగా మార్చగలదు. మీగడ రంగు రెక్కలపై గోధుమ రంగు చారలున్న ఈ పురుగును ఒకసారి చూసిన వారు మళ్లీ గుర్తుపట్టగలరు. అది ఏయే రోడ్ల వెంట ఉందో తెలిస్తే అక్కడ మందు పిచికారీని ఆపవచ్చు, లేని చోటికి ఉన్న చోటి నుంచే పురుగులను ఏరి తీసుకువెళ్లవచ్చు. పోటీ మొక్కల విషయంలో మాత్రం కొంత జాగ్రత్త అవసరం. వయ్యారిభామను అణచడానికి ఒకప్పుడు దక్కన్ ప్రాంతంలో కాసియా యూనిఫ్లోరా విత్తనాలు చల్లమని సలహా ఇచ్చేవారు. అదీ అమెరికా ఖండపు మొక్కే, నేడు అనేక బంజర్లలో అదే ప్రధాన జాతిగా విస్తరించి కనిపిస్తున్నది. ఒక ఆక్రమణ మొక్క స్థానంలో మరొక దానిని ప్రతిష్ఠించడం పరిష్కారమనిపించుకోదు. ఇక్కడి తంగేడు, వెంపలి, స్థానిక గడ్డిజాతులతోనే ఆ పని ఎంతవరకు సాధ్యమో పరీక్షించవలసిన బాధ్యత సస్యశాస్త్ర విభాగాలది. స్నాతకోత్తర విద్యార్థులకు ఇది మంచి పరిశోధనాంశం.

సైకిల్ పరిశీలనకు అనువైన వేదిక ఇప్పటికే ఉంది. రావెప్‌గా పిలిచే గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో చివరి సంవత్సరం విద్యార్థులు గ్రామాల్లో నివసిస్తారు. ప్రతి జట్టుకు నాలుగైదు గ్రామాలను కలిపే 12 కిలోమీటర్ల దారిని కేటాయించవచ్చు. జాతీయ రహదారులు దీనికి తగవు, ప్రమాదకరం కూడా. పంచాయతీరాజ్ రోడ్లు, బండ్ల బాటలు చాలు. ప్రతి 500 మీటర్లకు ఒకసారి ఆగితే 24 మజిలీలు ఏర్పడతాయి. ఒక్కొక్క చోట ఇరువైపులా పది మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు గల పట్టీని ఐదు నిమిషాలు పరిశీలిస్తే రెండు గంటలు, ప్రయాణానికి మరో గంట. ఆరు గంటలకు బయలుదేరిన జట్టు తొమ్మిదికి తిరిగి వస్తుంది. జట్టులో ఇద్దరికి తక్కువ కాకుండా ఉండడం భద్రత దృష్ట్యానే కాక నమోదు దృష్ట్యా కూడా మంచిది, ఒకరు చూసింది మరొకరు సరిచూస్తారు.

నమోదు పత్రం ఎంత పొట్టిగా ఉంటే అంత మేలు. ముందుగా ఎంచుకొన్న ఏడెనిమిది ఆక్రమణ మొక్కలు ఉన్నాయా లేవా, ఉంటే కొద్దిగానా, మధ్యస్థంగానా, దట్టంగానా, మొలక, పూత, విత్తన దశల్లో ఏ దశలో ఉన్నాయి అన్నది మొదటి భాగం. పూసి ఉన్న స్థానిక మొక్కలు, వాటి స్థానిక పేరు ఆ ఊరి మనిషి చెప్పిన ఉచ్చారణలోనే రెండవ భాగం. నేల కదిలిందా, ఎందువల్ల కదిలింది అన్నది మూడవది. విత్తనం ఎలా చేరుతున్నదో తెలియజేసే ఆధారం ఇందులోనే దొరుకుతుంది కాబట్టి కోత యంత్రాలు నిలిపే స్థలాలు, మొరం కుప్పలు, ఇసుక నిల్వలు తప్పక రాయాలి. పక్క పొలంలోని పైరు, పెంకు పురుగు ఉనికి చేరిస్తే పత్రం పూర్తవుతుంది. అరుదైన పూలను కోయరాదు, ఫొటో చాలు. అడవినాభి వంటి దుంప మొక్క ఒక గట్టు మీద కనిపించిందని పత్రంలో రాయవచ్చు, దాని కచ్చితమైన స్థానాన్ని బహిరంగ పటంపై పెట్టడం మాత్రం శ్రేయస్కరం కాదు. తవ్వుకుపోయేవారూ పటాలు చదువుతారు.

మొక్కలను ఫొటో ద్వారా గుర్తించే మొబైల్ యాప్‌లు, డ్రోన్లు, ఉపగ్రహ చిత్రాలు ఉండగా సైకిల్ ఎందుకన్న ప్రశ్న సహజం. పూసిన మొక్క విషయంలో యాప్‌లు చాలా వరకు సరైన సమాధానమే ఇస్తాయి. నియంత్రణకు ఉపయోగపడే దశ మొలక దశ, అక్కడే అవి తడబడతాయి. సర్కారు తుమ్మ వనాలను ఉపగ్రహం పసిగట్టగలదు. రోడ్డు అంచున రెండు మీటర్ల పట్టీలో కొత్తగా చేరిన పది మొక్కలను అది చూపలేదు. నిర్మూలన చౌకగా సాధ్యమయ్యేది ఆ పది మొక్కల దశలోనే. విద్యార్థులపై ఇప్పటికే నివేదికల భారం అధికంగా ఉందన్న అభ్యంతరానికి మాత్రం బలం ఉంది. కొత్త పనిని అదనంగా చేర్చడం కంటే, కళాశాల క్షేత్రంలోనే ఏరి అతికించే హెర్బేరియం స్థానంలో ఈ పరిశీలనను మూల్యాంకనానికి స్వీకరించడం న్యాయంగా ఉంటుంది.

చివరకు తేలవలసింది సమాచారం చేరవలసిన చిరునామా. విద్యార్థులు పటం తయారు చేసి విభాగంలో గోడకు అంటించినంత మాత్రాన రోడ్డు అంచు మారదు. దట్టంగా వయ్యారిభామ ఉన్న మజిలీల జాబితా పూతకు కనీసం పది రోజుల ముందు గ్రామ పంచాయతీకి, సంబంధిత ఇంజనీరింగ్ శాఖకు, మండల వ్యవసాయ అధికారికి చేరాలి. గీకవలసిన చోట్లతో పాటు గీకరాని చోట్లు కూడా అందులో ఉండాలి. తంగేడు, గునుగు, వెంపలి నిండుగా ఉన్న పట్టీలను యంత్రం ముట్టరాదని రాతపూర్వకంగా కోరే అధికారం ప్రస్తుతం ఎవరికీ లేదు, విశ్వవిద్యాలయం సిఫారసుగానైనా అది వెలువడవలసి ఉంది. రాయలసీమ వేరుశనగ ప్రాంతాలకు సంబంధించినంత వరకు మొదటి విడత పరిశీలన తొలకరి పడిన మూడు వారాల్లోపు ముగియాలి. రెండవది సెప్టెంబరులో, బతుకమ్మ పూలు గట్లపై ఉన్న రోజుల్లో. డిసెంబరు విడతకు విద్యార్థులు గ్రామాల్లో ఉండరు కాబట్టి ఆ దారులను అప్పటికి విస్తరణ సిబ్బందికి అప్పగించాలి, సైకిళ్లతో సహా.